ప్రేక్షకులు కరిగిపోయిన భాషలో నాటకకర్త: క్లారో రెక్టో, ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ ప్రస్థానం

క్లుప్తంగా: స్పెయిన్ మూడు శతాబ్దాలకు పైగా ఏలినా ఫిలిప్పీన్స్‌లో స్పానిష్ జనభాష కాలేదు. అక్కడ స్పానిష్ సాహిత్యం బాగా పండింది అమెరికా పాలన మొదలయ్యాకే. ఆ తరంలోని నాటకకర్త క్లారో మాయో రెక్టో (1890–1960) తర్వాత చట్టసభలకు, న్యాయస్థానాలకు, రాజ్యాంగ రచనకు వెళ్లారు. స్పానిష్ మొదట బడిని, ఆ వెంటనే రంగస్థలాన్ని, చాలా ఆలస్యంగా చట్టాన్ని కోల్పోయింది. రెక్టో జీవితాన్ని వరసగా చూస్తే ఆ క్రమం, దాని కారణాలు తెలుస్తాయి.

పేరు స్పానిష్, మాట వేరు

ఫిలిప్పీన్స్ వార్తల్లోకి వచ్చినప్పుడల్లా చాలామందికి ఒక సందేహం వస్తుంది. గార్సియా, రామోస్, మార్కోస్ అంటూ అధ్యక్షుల ఇంటిపేర్లు వింటే లాటిన్ అమెరికా గుర్తొస్తుంది. కానీ అక్కడి జనం మాట్లాడేది టాగలాగ్, సెబువానో, ఇలోకానో వంటి సొంత భాషలు. ఆఫీసుల్లో, కోర్టుల్లో ఇంగ్లీషు నడుస్తుంది. మరి స్పానిష్ ఎటు పోయింది?

ఇంటిపేర్లకు కారణం 1849 నాటి ఒక ఉత్తర్వు. గవర్నర్ జనరల్ నార్సిసో క్లవేరియా పన్నుల లెక్కల కోసం, జనాభా నమోదు కోసం ఇంటిపేర్ల జాబితా ఒకటి తయారు చేయించి ఊళ్లకు పంచారు. కొన్ని చోట్ల జాబితాలోని పేజీలను వరసగా పంచడంతో ఊరంతా ఒకే అక్షరంతో మొదలయ్యే ఇంటిపేర్లు వచ్చాయి. అల్బాయ్ రాష్ట్రంలోని ఓవాస్‌లో ఇంటిపేర్లు ‘ఆర్’ అక్షరంతో మొదలవడం ఇందుకు తరచూ చెప్పే ఉదాహరణ. అంటే ఇంటిపేరు దఫ్తరం నుంచి వచ్చింది, ఇంట్లో మాట్లాడే భాష నుంచి కాదు.

ఇక భాష సంగతి. ఫిలిప్పీన్స్‌కు వచ్చి స్థిరపడిన స్పానిష్ కుటుంబాలు ఎప్పుడూ తక్కువే. మెక్సికో స్వతంత్రమయ్యేదాకా, అంటే 1821 వరకు, ఈ దీవుల పాలన కూడా మెక్సికో మీదుగానే సాగింది. ఊళ్లలో స్పెయిన్‌కు ప్రతినిధిగా కనిపించే మనిషి దాదాపుగా మతగురువు ఒక్కడే. ఆయన జనానికి స్పానిష్ నేర్పడం కంటే తానే స్థానిక భాష నేర్చుకోవడం మేలనుకున్నాడు. మత ప్రచారం అలాగే సులువు. పైగా ఊరికీ ప్రభుత్వానికీ నడుమ దుబాసీగా ఉండటంలో పలుకుబడి కూడా ఉంది. స్పానిష్ మాధ్యమంలో ప్రాథమిక బడులు పెట్టాలన్న రాజశాసనం 1863లో గానీ రాలేదు. అది అరకొరగా అమలవుతుండగానే 1898 వచ్చింది. పారిస్ ఒప్పందం కింద 2 కోట్ల డాలర్లకు స్పెయిన్ ఈ దీవులను అమెరికాకు అప్పగించింది.

జంబోవాంగా, కవీతే ప్రాంతాల్లో వినిపించే చవకానోను చూసి కొందరు స్పానిష్ ఇంకా బతికే ఉందంటారు. అది స్పానిష్ మాటలతో, స్థానిక భాషల పొందికతో పుట్టిన మిశ్రమ భాష. ఈ వ్యాసం చెప్పే సాహిత్యంతో దానికి సంబంధం తక్కువ.

పాలకులు వెళ్లాక పండిన పంట

స్పానిష్‌లో రాసిన ఫిలిప్పీన్ రచయితలనగానే ముందు జోసె రిజాల్ పేరు చెబుతారు. నవలలకు ముందు ఆయన నాటికలూ రాశారు. 1880లో స్పానిష్ నవలాకారుడు సెర్వాంటెస్ స్మారకంగా మనీలాలో పెట్టిన పోటీకి దేవతల సభ ఇతివృత్తంగా ఒక నాటిక రాసి బహుమతి గెలిచారు. అదే ఏడాది డిసెంబరులో ఆయన రాసిన పాటల నాటికను మనీలాలోని అటెనియో కళాశాల విద్యార్థులు ప్రదర్శించారు. అందులో సైతాను పాత్ర, స్పెయిన్ మతం వచ్చాక ఈ దీవులకు కలిగిన కష్టాలను ఏకరువు పెడుతుంది. పందొమ్మిదేళ్ల కుర్రాడు స్పానిష్ మతగురువుల కళాశాలలోనే ఆ మాటలు చెప్పించాడు. సైతాను నోటితో చెప్పించాడు కాబట్టి చెల్లిందనుకోవాలి.

అయినా రిజాల్ కాలంలో స్పానిష్‌లో రాసినవారు కొద్దిమందే. వారిలోనూ చాలామంది అచ్చు వేయించుకున్నది యూరప్‌లో. అసలు పంట 1900 తర్వాత వచ్చింది. ఫెర్నాండో మరియా గెరెరో, సెసిలియో అపోస్తల్, హెసుస్ బల్మోరి, మాన్యుయెల్ బెర్నాబె వంటి కవులు, పత్రికా రచయితలు, నవలాకారులు ఒకేసారి కనిపిస్తారు. పాలించిన దేశం వెళ్లిపోయాక దాని భాషలో రచన పుంజుకోవడం వింతగా అనిపించవచ్చు. కారణాలు మాత్రం సూటిగానే ఉన్నాయి.

1863 తర్వాత బడుల్లో చదివిన పిల్లలు, వారి పిల్లలు, సరిగ్గా అప్పటికే కలం పట్టే వయసుకు వచ్చారు. మతగురువుల సెన్సార్ పోయింది. స్పానిష్ పత్రికలు పెరిగాయి, వాటికి రోజూ కాలమ్‌లు, కవితలు, వివాదాలు కావాలి. వీటన్నిటికంటే బలమైన కారణం రాజకీయం. 1901 జనవరిలోనే కొత్త ప్రభుత్వం ఇంగ్లీషును బడుల మాధ్యమంగా చట్టం చేసింది. ఆగస్టులో ‘థామస్’ అనే ఓడ సుమారు 500 మంది అమెరికన్ టీచర్లను మనీలాలో దించింది. అప్పటిదాకా దొరల భాషగా ఉన్న స్పానిష్ ఆ తర్వాత కొత్త దొరలను ఎదిరించేవారి భాషగా మారింది. స్పానిష్‌లో రాయడమంటే అమెరికా రాకముందే మాకు చదువు, సంస్కృతి ఉన్నాయని చెప్పడమే. రెక్టో ఆ వాతావరణంలో పెరిగారు.

టియావోంగ్ నుంచి మనీలా

క్లారో రెక్టో 1890 ఫిబ్రవరి 8న తయాబాస్ రాష్ట్రం (ఇప్పటి కెసోన్) టియావోంగ్‌లో పుట్టారు. చదువు కొంతకాలం బటాంగాస్‌లోని లిపాలో సాగింది. తర్వాత మనీలాలో రిజాల్ చదివిన అటెనియోలోనే చేరి 1909లో అత్యున్నత శ్రేణిలో పట్టా పొందారు. శాంటో తోమాస్ విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివి 1914లో న్యాయవాది అయ్యారు. రెండు సంస్థల్లోనూ అప్పటి బోధన స్పానిష్‌లోనే. బయట ప్రభుత్వ బడుల్లో ఆయన ఈడువారు ఇంగ్లీషు వల్లిస్తుంటే, కాథలిక్ కళాశాలల్లో చదివిన ఈ వర్గం వేరే భాషలో ఆలోచిస్తూ ఎదిగింది. ఒకే నగరంలో, ఒకే వయసువారి మధ్య పడిన ఈ చీలిక తర్వాతి కథకు కీలకం.

1911లో, ఇరవై ఒక్క ఏళ్ల వయసులో, ఆయన కవితల పుస్తకం ‘బాహో లోస్ కొకోతెరోస్’ (కొబ్బరిచెట్ల కింద) వెలువడింది. ‘ఎల్ ఇదెయాల్’, ‘లా వాన్‌గార్డియా’ పత్రికల్లో పనిచేస్తూ ‘అరిస్తెయో ఇలారియో’ అన్న కలం పేరుతో రోజువారీ కాలమ్ నడిపారు. నాటకాలూ ఈ దశలోనివే. ‘లా రూతా దె దమాస్కో’ (దమాస్కస్ దారి), 1917లో ‘సోలో ఎంత్రె లాస్ సోంబ్రాస్’ (నీడల మధ్య ఒంటరిగా) ఆయనకు నాటకకర్తగా పేరు తెచ్చాయి. అప్పటికి ఆయనకు ఇరవై ఏడేళ్లు. అందరి లెక్క ప్రకారం అది ఆరంభం కావాలి. ఆయన నాటక జీవితంలో మాత్రం అదే దాదాపు శిఖరం.

నాటకం ముందుగా ఎందుకు దెబ్బతింది?

రెక్టో రాజకీయాల్లో పడి నాటకాన్ని వదిలేశారన్నది తేలిగ్గా దొరికే జవాబు. అందులో నిజం ఉంది, కానీ అది సగమే. ఆ తరం కవులు, నవలాకారులు తర్వాత ముప్ఫై ఏళ్లు స్పానిష్‌లో రాస్తూనే ఉన్నారు. 1920లో ఎన్రికె సోబెల్ నెలకొల్పిన సోబెల్ పురస్కారం వారికి గుర్తింపు కూడా ఇచ్చింది. కాబట్టి నాటకానికి ప్రత్యేకంగా ఏమైందో విడిగా చూడాలి.

కవిత పత్రికలో ఓ మూల పడినా బతుకుతుంది. దాన్ని చదివేవారు దేశంలో వెయ్యిమందే ఉన్నా, వేర్వేరు ఊళ్లలో, వేర్వేరు రోజుల్లో చదివినా సరిపోతుంది. నాటకానికి అలా కుదరదు. ఆ భాష ధారాళంగా పలికే నటులు, ఆడించే సంస్థ, ఒకే సాయంత్రం ఒకే హాలుకు టిక్కెట్టు కొని వచ్చే జనం, ఇవన్నీ ఒక్కచోట కలవాలి. పైగా సంభాషణ చెవిన పడ్డ క్షణంలోనే అర్థమవ్వాలి, వెనక్కి తిప్పి చదువుకునే వీలు లేదు. అందువల్ల ఒక భాష మాట్లాడేవారు తగ్గుతున్నప్పుడు ఆ దెబ్బ పుస్తకం కంటే రంగస్థలానికి ముందు తగులుతుంది.

మనీలాలో ఆ జనాన్ని మూడు వైపుల నుంచి లాగేశారు.

మొదటిది టాగలాగ్ రంగస్థలం. స్పెయిన్ నుంచి 1870ల చివర్లో వచ్చిన సర్సువేలా, అంటే మాటలూ పాటలూ కలిసిన సంగీత నాటకం, ఇరవై ఏళ్లలోనే స్థానిక భాషలోకి దిగిపోయింది. 1902లో సెవెరినో రెయెస్ టాగలాగ్‌లో ఆడించిన ‘వలాంగ్ సుగాత్’ జనాన్ని ఉర్రూతలూపింది. మరుసటి ఏడాది ఔరేలియో తొలెంతీనో నాటకాన్ని అమెరికన్ అధికారులు దేశద్రోహంగా పరిగణించి ఆయనను జైలుకు పంపారు. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. పాలకులు భయపడి కేసులు పెట్టిన నాటకాలు టాగలాగ్‌లో ఉన్నవే. ఎందుకంటే వేలమందిని కదిలించగల సత్తా వాటికే ఉంది. స్పానిష్ నాటకానికి హోదా ఉంది, జనం లేరు. స్పానిష్‌లో పాలకులను నిజంగా ఇబ్బంది పెట్టింది పత్రిక. 1908లో ‘ఎల్ రెనసిమియెంతో’ రాసిన ఒక సంపాదకీయంపై అమెరికన్ ఉన్నతాధికారి పరువునష్టం కేసు వేశారు, చివరికి పత్రికే మూతపడింది.

రెండోది ఇంగ్లీషు. 1915లో, అంటే రెక్టో నాటకాలు రాస్తున్న రోజుల్లోనే, ఫిలిప్పీన్ రచయితలు ఇంగ్లీషులో రాసిన తొలి నాటకం వచ్చింది. 1908లో మొదలైన ఫిలిప్పీన్స్ విశ్వవిద్యాలయం ఇంగ్లీషు మాధ్యమంలోనే నడిచింది. ఆపైన స్పానిష్‌కు కంచుకోటలే చేజారాయి. 1921లో అటెనియో నిర్వహణ జెసూయిట్లనే కాథలిక్ మతగురువుల సంఘంలోని స్పానిష్‌వారి నుంచి అమెరికన్లకు మారి ఇంగ్లీషు వచ్చింది. శాంటో తోమాస్ కూడా 1920ల్లోనే అదే దారి పట్టింది. కళాశాల వేదికలే యువ నటులను, వారిని చూడటానికి వచ్చే కుటుంబాలను తయారుచేసేవి. ఆ ఊట ఇక్కడ ఆగింది.

మూడోది వినోదం. 1919లో హోసె నెపొముసెనో తీసిన తొలి ఫిలిప్పీన్ సినిమాకు మూలం ఒక టాగలాగ్ సర్సువేలా. 1920ల్లో అమెరికన్ ‘వాడెవిల్’ పద్ధతి పాటల, హాస్యాల ప్రదర్శనలు ‘బోడబిల్’ పేరుతో హాళ్లను ఆక్రమించాయి. సర్సువేలాయే నిలదొక్కుకోలేకపోయింది, స్పానిష్ నాటకం సంగతి చెప్పనక్కర్లేదు.

లెక్కలు చూసినా ఇదే కనిపిస్తుంది. 1939 జనగణన నాటికి ఇంగ్లీషు వచ్చినవారు జనాభాలో నాలుగో వంతు దాటారు. స్పానిష్ వచ్చినవారు 3 శాతం లోపే. అమెరికా స్పానిష్‌ను ఎప్పుడూ నిషేధించలేదు. పిల్లల బడి మార్చింది, అంతే. తల్లిదండ్రుల భాష ఆ ఒక్క తరంలోనే పాతబడింది.

హాలు అదే, ఆట వేరు

1907 అక్టోబరు 16న ఫిలిప్పీన్ అసెంబ్లీ ప్రారంభోత్సవం జరిగింది ఏ ప్రభుత్వ భవనంలోనో కాదు. మనీలా గ్రాండ్ ఓపెరా హౌస్ అనే నాటకశాలలో. స్పానిష్ వాక్పటిమ రంగస్థలం నుంచి రాజకీయాల్లోకి మళ్లిందనడానికి ఇంతకంటే మంచి చిరునామా దొరకదు.

ఈ మళ్లింపు వెనుక ఓటు హక్కు నిబంధనలున్నాయి. నాడు ఓటుకు అర్హులు 23 ఏళ్లు నిండిన పురుషులే. వారికి ఆస్తి అయినా ఉండాలి, స్పెయిన్ కాలంలో స్థానిక పదవి అయినా చేసి ఉండాలి, లేదా ఇంగ్లీషు గానీ స్పానిష్ గానీ చదవడం రాయడం వచ్చి ఉండాలి. 1903 లెక్కల ప్రకారం సుమారు 76 లక్షల జనాభా ఉన్న దేశంలో తొలి ఎన్నికలకు ఓటర్లు దాదాపు లక్షమందే. ఊళ్లలో పలుకుబడి ఉన్న కుటుంబాలవారే వీరిలో ఎక్కువ. అంటే స్పానిష్ నాటకానికి రావాల్సిన వర్గమే స్పానిష్ రాజకీయాలకు శ్రోతలు. టిక్కెట్టు కొనడానికి వారు చాలలేదు. అసెంబ్లీని నడపడానికి చాలారు.

రెక్టో 1916లో కొత్తగా ఏర్పడిన సెనేట్‌కు న్యాయ సలహాదారుగా చేరారు. 1919లో బటాంగాస్ మూడో నియోజకవర్గం నుంచి ప్రతినిధుల సభకు ఎన్నికై 1928 వరకు కొనసాగారు. డెమోక్రటా పార్టీ తరఫున ప్రతిపక్ష నేతగా, అధికార పక్ష నాయకుడు మాన్యుయెల్ కెసోన్ వర్గాన్ని ఎదుర్కొన్నారు. నాటకకర్తకు పనికొచ్చే సరుకంతా, అంటే ఎదుటివాడి మాటను పట్టుకుని తిప్పికొట్టడం, పాత్రను నాలుగు మాటల్లో నిలబెట్టడం, విరుపు, ఎత్తిపొడుపు, ఇక్కడ ఖర్చయింది. 1929లో, అమెరికా ఖండాల్లో బయటివారు వేలు పెట్టకూడదన్న ‘మన్రో సిద్ధాంతం’ లాంటిది ఆసియాకూ ఉండాలన్న మాక్సిమో కలావ్ వాదనను ఖండిస్తూ ఆయన స్పానిష్‌లో సాగించిన చర్చ పుస్తకంగా వచ్చింది. జపాన్ నాయకత్వంలోని ఆసియా ఫిలిప్పీన్స్‌కు రక్షణ కాదు, ముప్పు అని అందులో హెచ్చరించారు. ఆ హెచ్చరిక నిజమైన తీరు తర్వాత ఆయన మెడకే చుట్టుకుంది.

ఇంగ్లీషు పాఠానిదే పైచేయి

1931లో సెనేటర్ అయిన రెక్టో, 1934లో రాజ్యాంగ సభకు అధ్యక్షుడయ్యారు. ఆ సభ తయారుచేసిన రాజ్యాంగంలో భాష గురించి రెండు వాక్యాలున్నాయి. దేశీయ భాషల్లో ఒకదాని ఆధారంగా ఉమ్మడి జాతీయ భాషను వికసింపజేయాలని ఒకటి. చట్టం వేరుగా చెప్పేవరకు ఇంగ్లీషు, స్పానిష్ అధికార భాషలుగా కొనసాగుతాయని మరొకటి. ఇంతవరకు స్పానిష్‌కు గౌరవంగానే కనిపిస్తుంది. కానీ చివర్లో ఇంకో నిబంధన ఉంది. రాజ్యాంగాన్ని రెండు భాషల్లోనూ ప్రకటించాలి, తేడా వస్తే ఇంగ్లీషు పాఠమే చెల్లుతుంది.

కొబ్బరిచెట్ల కింద స్పానిష్ కవితలు రాసిన మనిషి అధ్యక్షతన ఈ వాక్యం ఆమోదం పొందింది. దీన్ని రెక్టో వ్యక్తిగత ఓటమిగా చూడటం సరికాదు. రాజ్యాంగానికి అమెరికా అధ్యక్షుడి సంతకం తప్పనిసరి, రూజ్‌వెల్ట్ 1935 మార్చి 23న సంతకం చేశారు. అనుమతి ఇచ్చేవాడి భాషలో ఉన్నదే మూలమవుతుంది.

న్యాయవ్యవస్థలో మాత్రం స్పానిష్ మొండిగా నిలిచింది. 1906 నుంచి కోర్టుల్లో ఇంగ్లీషే ఉండాలని అమెరికన్లు మొదట్లోనే చట్టం చేశారు. కానీ న్యాయవాదులు, న్యాయమూర్తులు, స్పెయిన్ కాలపు చట్టాలు అన్నీ స్పానిష్‌లోనే ఉండటంతో ఆ గడువును పదేపదే పొడిగించి, చివరికి రెండు భాషలనూ ఉండనిచ్చారు. బడి పిల్లవాడికి ఇంగ్లీషు పెట్టడం ఒక్క ఉత్తర్వుతో అవుతుంది. ఆస్తి పత్రాలు, సివిల్ కోడ్, పాత తీర్పులు రాత్రికి రాత్రి మారవు. స్పెయిన్ నాటి సివిల్ కోడ్ స్థానంలో కొత్తది అమల్లోకి వచ్చింది 1950లో. రెక్టో 1935 నుంచి 1936 వరకు సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా ఉన్నారు, తర్వాత రాజీనామా చేసి న్యాయవాద వృత్తికి తిరిగి వెళ్లారు.

యుద్ధం చెరిపేసిన వీధులు

జపాన్ ఆక్రమణ కాలంలో ఆయన విద్యా వ్యవహారాల కమిషనర్‌గా, ఆపైన జపాన్ అండతో ఏర్పడిన హోసె లారెల్ ప్రభుత్వంలో విదేశాంగ మంత్రిగా పనిచేశారు. యుద్ధం ముగిశాక శత్రువుకు సహకరించారన్న దేశద్రోహ అభియోగం వచ్చింది. 1948లో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినా దాన్ని తీసుకోకుండా కోర్టులో వాదించి నిర్దోషిగా బయటపడ్డారు. తన వాదనను 1946లోనే పుస్తకంగా వేశారు. ఆ పుస్తకం ఇంగ్లీషులో ఉంది. తన పరువు కోసం ఎవరిని ఒప్పించాలో ఆయనకు తెలుసు, వారు చదివే భాష ఏదో కూడా తెలుసు.

స్పానిష్‌కు ఇదే యుద్ధం ఇంకో దెబ్బ కొట్టింది. 1945 ఫిబ్రవరి, మార్చి నెలల మనీలా పోరులో దాదాపు లక్షమంది పౌరులు చనిపోయారని అంచనా. పాత కోట నగరం ఇంత్రామురోస్, దాని దక్షిణాన ఎర్మితా, మలాతె పేటలు నేలమట్టమయ్యాయి. స్పానిష్ మాట్లాడే కుటుంబాలు ఎక్కువగా ఉన్నవి సరిగ్గా ఆ వీధులే. ఇంత్రామురోస్ చర్చిల్లో శాన్ అగుస్తిన్ ఒక్కటే నిలిచింది. బతికినవారు వేరే పేటలకు, వేరే దేశాలకు చెదిరిపోయారు. భాషను యుద్ధమే చంపిందని కొందరంటారు. 1939 లెక్కలు చూస్తే ఆ వాదన నిలవదు. అప్పటికే పల్చబడిన సమూహం ఒకేచోట ఉండటం వల్ల బతుకుతోంది, ఆ ఒకేచోటు పోయింది.

రిజాల్‌ను చదివించిన చట్టం

యుద్ధం తర్వాత మళ్లీ సెనేట్‌కు వచ్చిన రెక్టో అసలు పేరు తెచ్చుకున్నది ఈ చివరి దశలోనే. అమెరికా సైనిక స్థావరాలను, వాషింగ్టన్ వైపు చూసి నడిచే విదేశాంగ విధానాన్ని ఆయన తూర్పారబట్టారు. 1951లో విశ్వవిద్యాలయ స్నాతకోత్సవంలో దాన్ని భిక్షాటన విధానమన్నారు. ఆ ప్రసంగమూ ఇంగ్లీషే. 1957లో అధ్యక్ష పదవికి పోటీ చేసి నాలుగో స్థానంలో నిలిచారు.

ఈ దశలో సాహిత్యానికి నేరుగా సంబంధించిన పోరు ఒకటుంది. రిజాల్ రెండు నవలలను కళాశాలల్లో తప్పనిసరిగా చదివించాలని రెక్టో ముసాయిదా రాశారు, సెనేట్‌లో లారెల్ దాన్ని ప్రవేశపెట్టారు. నవలల్లో మతగురువుల మీద విమర్శ ఘాటుగా ఉండటంతో కాథలిక్ చర్చి తీవ్రంగా వ్యతిరేకించింది. కాథలిక్ బడులు మూసేయాల్సి వస్తుందన్న బెదిరింపులొచ్చాయి. మూస్తే ప్రభుత్వమే తీసుకుంటుందన్నది రెక్టో ధోరణి. చివరికి రాజీ కుదిరింది. మత కారణాలు చూపి ప్రమాణపత్రం ఇచ్చిన విద్యార్థికి ఆ పుస్తకాలు చదవడం నుంచి మినహాయింపు దొరికింది, కోర్సు నుంచి మాత్రం లేదు. 1956 జూన్ 12న అది చట్టమైంది.

చట్టంలో మూలప్రతి లేదా కోతల్లేని ప్రతులనే వాడాలని ఉంది. పక్కనే వాటిని ఇంగ్లీషు, టాగలాగ్, ఇతర ప్రధాన భాషల్లోకి అనువదించి, చవక ప్రతులుగా అచ్చు వేసి ఉచితంగా పంచాలని కూడా ఉంది. స్పానిష్ రచయిత స్పానిష్ నవలల కోసం పోరాడి గెలిచాడు, పిల్లలు మాత్రం వాటిని అనువాదంలోనే చదువుతారని చట్టమే ఒప్పుకుంది. స్పానిష్‌ను నేరుగా బడుల్లో నిలపడానికి 1950ల్లో వేరే చట్టాలు వచ్చాయి. 1957 నాటి కుయెన్కో చట్టం కొన్ని డిగ్రీ కోర్సులకు 24 యూనిట్ల స్పానిష్ తప్పనిసరి చేసింది. ఇంట్లో వినని, వీధిలో అక్కరకు రాని భాష పరీక్ష పాసవ్వాల్సిన సబ్జెక్టుగా మిగిలింది. విద్యార్థుల్లో దానిపై ప్రేమ కంటే విసుగే పెరిగింది.

ఈ దశకం నడుమ రెక్టో పాత నాటకాలు మనీలాలో మళ్లీ వేదికెక్కి ప్రశంసలు పొందాయి. అప్పటికి రచయిత దేశమంతా తెలిసిన రాజనీతిజ్ఞుడు, నాటకాలకు అదొక ఆకర్షణ. కొత్తగా స్పానిష్‌లో నాటకం రాసే కుర్రకారు తయారవడానికి మాత్రం అది సరిపోలేదు. అదే సమయంలో యుద్ధానికి ముందరి స్పానిష్ మనీలాకు నివాళిగా నిక్ హోకీన్ రాసిన నాటకం రంగస్థలానికి వచ్చింది, ఈనాటికీ ఆడుతున్నారు. ఆయన దాన్ని ఇంగ్లీషులో రాశారు.

తోటివారు పట్టిన దారులు

రెక్టో దారి ఒక్కటే కాదని చూపడానికి అదే తరానికి చెందిన ముగ్గురు చాలు. హెసుస్ బల్మోరి మనీలాలోనే ఉండి కవిగా, హాస్య రచయితగా, నాటకకర్తగా పత్రికల మీద బతికారు. బెర్నాబెతో ఆయన స్పానిష్‌లో చేసిన కవితా వాదాలు జనాన్ని రప్పించాయి. నాటకం నిండించలేని హాలును ఇద్దరు కవుల పోటీ నిండించగలిగింది. యుద్ధకాలంలో రాసిన ఆయన నవల పుస్తకంగా వచ్చింది 2010లో, ఆయన చనిపోయిన అరవై ఏళ్లకు పైబడ్డాక.

సెబూ దీవికి చెందిన అంతోనియో అబాద్ నవలలతోపాటు, పద్దెనిమిదో శతాబ్దపు బొహోల్ తిరుగుబాటు నాయకుడు దగోహోయ్ మీద నాటకం రాశారు. తర్వాత స్పానిష్ బోధన ఆయనకు ఆధారమైంది. నెగ్రోస్ దీవిలో పుట్టిన అదెలీనా గుర్రెయా 1920ల మొదట్లోనే స్పెయిన్ వెళ్లి స్థిరపడ్డారు. ఫిలిప్పీన్స్ చరిత్రను వ్యంగ్యంగా, ప్రతీకాత్మక పాత్రలతో చెప్పిన ఆమె నాటిక 1950ల్లో స్పెయిన్‌లోనే వెలుగు చూసింది. ప్రేక్షకులున్న చోటికి నాటకకర్తే తరలిపోవడం ఆమె విషయంలో జరిగింది. కాకపోతే అక్కడి ప్రేక్షకులకు ఆ దీవులు పరాయివి.

రెక్టో ఈ మూడింటిలో ఏదీ ఎంచుకోలేదు. స్పానిష్ చెల్లుబాటయ్యే చోటల్లా స్పానిష్‌లో, చెల్లని చోట ఇంగ్లీషులో మాట్లాడారు. 1960లో ప్రభుత్వం ఆయనను రాయబారి హోదాలో సాంస్కృతిక ప్రతినిధిగా యూరప్, లాటిన్ అమెరికా దేశాలకు పంపింది. స్పెయిన్‌లో ప్రసంగాలు ఇవ్వాల్సి ఉండగా, దారిలో రోమ్‌లో అక్టోబరు 2న గుండెపోటుతో కన్నుమూశారు. మరుసటి ఏడాది మనీలాలోని అస్కార్రగా వీధికి ఆయన పేరు పెట్టారు. అస్కార్రగా మనీలాలో పుట్టి స్పెయిన్ ప్రధాని అయిన వ్యక్తి. ఇప్పటి తరానికి రెక్టో అవెన్యూ అంటే నాటకకర్త కన్నా దొంగ సర్టిఫికెట్ల బజారే ముందు గుర్తొస్తుంది.

ఇంకా చెల్లుతున్న పాఠం

1973 రాజ్యాంగం అధికార భాషల జాబితా నుంచి స్పానిష్‌ను తీసేసింది. రెండు నెలలు తిరగకముందే అధ్యక్షుడు మార్కోస్ ఒక ఉత్తర్వుతో దాన్ని మళ్లీ చేర్చారు. కారణంగా చూపింది సాహిత్యాన్ని కాదు, ప్రభుత్వ దఫ్తరాల్లో అనువదించకుండా మిగిలిపోయిన ముఖ్య పత్రాలను. 1987 రాజ్యాంగం స్పానిష్‌ను అరబిక్‌తో కలిపి, ఇష్టమున్నవారు నేర్చుకునేలా ప్రోత్సహించాల్సిన భాషగా మార్చింది. కళాశాలల్లో తప్పనిసరి స్పానిష్ కూడా అప్పుడే ముగిసింది.

సాహిత్య పునర్ముద్రణలు నెమ్మదిగా సాగుతున్నాయి. మనీలాలోని సెర్వాంటెస్ సంస్థ 2009 నుంచి పాత స్పానిష్ రచనలను వరసగా అచ్చు వేయిస్తోంది. గుర్రెయా కథలు, బల్మోరి నవల, అబాద్ నవల అలా తిరిగి వచ్చాయి. వాటి చదువరుల్లో ఎక్కువమంది పరిశోధకులే.

కోర్టులో మాత్రం స్పానిష్ ఇంకా అవసరమవుతోంది. 1930లో చట్టసభ ఆమోదించి 1932 నుంచి అమల్లోకి తెచ్చిన శిక్షాస్మృతి ఇప్పటికీ ఫిలిప్పీన్స్ నేర చట్టానికి పునాది. చట్టసభ ఆమోదించింది స్పానిష్ పాఠాన్ని. అందుకని ఇంగ్లీషు అనువాదంలోని మాటకూ స్పానిష్ మాటకూ తేడా వచ్చినప్పుడు న్యాయస్థానాలు స్పానిష్ పాఠాన్నే ప్రమాణంగా తీసుకుంటాయి. రెక్టో అధ్యక్షత వహించిన రాజ్యాంగంలో ఇంగ్లీషుకు ఇచ్చిన పైచేయి ఇక్కడ తలకిందులుగా ఉంది. ఆ రాజ్యాంగం అమల్లో లేకుండా పోయి అర్ధ శతాబ్దం దాటింది, శిక్షాస్మృతి మాత్రం నడుస్తూనే ఉంది.